భీమశంకర్ గారింట్లో శనివారాలు

మా అమ్మాయి చంద్రిక వారానికి ఆరు రోజులు ఆఫీసు చేస్తుంది. కంపెనీ వాళ్లు జీతమిచ్చి చేయించుకునేది అయిదు రోజులే. ఆరో రోజు వాళ్ల మేనేజరు భీమశంకర్ గారింట్లో భోజనం. ఆ అయిదు రోజుల కంటే ఈ ఒక్క రోజే ఎక్కువ కష్టమని నేను ఈ దేశం వచ్చిన రెండో వారానికే కనిపెట్టాను.

నా పేరు సుబ్బులు. నరసరావుపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై మూడేళ్లు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ఆరు నెలలు కూతురి దగ్గర ఉందామని మొన్న మే నెలలో అమెరికాలోని మోరిస్‌విల్ వచ్చాను. నేను చెప్పబోయేది నా సంగతి కాదు, చంద్రిక సంగతి. కన్నతల్లిని కాబట్టి మెచ్చుకుంటూ చెబుతాననుకోకండి. ఆ పిల్లను తలుచుకుంటే నాకు ముందు విసుగొస్తుంది, ప్రేమ ఆ తర్వాత.

చంద్రికకు ముప్పై ఎనిమిదేళ్లు. చదువులో ఎప్పుడూ ముందే. ఎంత పెద్ద లెక్క ఇచ్చినా చేసేది. చేతకానిది ఒక్కటే, నోరు తెరిచి అడగడం. ఏడో తరగతిలో కొత్త చెప్పులు కొంటే షాపతను పొరపాటున ఒక సైజు తక్కువవి కట్టి ఇచ్చాడు. ఈవిడ ఏడాదంతా వేళ్లు ముడుచుకుని నడిచింది. కాలికి పుండు పడ్డాక గానీ మాకు తెలియలేదు. "మార్చమని అడగొచ్చు కదే" అంటే, "ఆయన నాన్నకి తెలిసినాయన కదమ్మా, ఫీలవుతాడేమోనని" అంది. అప్పుడు అందరికీ చెప్పుకుని నవ్వుకున్నాం. నాలుగు తగిలించాల్సింది.

ఇంట్లో ఉండేది నలుగురం. చంద్రిక, మా అల్లుడు రాకేష్, తొమ్మిదేళ్ల మనవరాలు వేద, నేను. రాకేష్ విజయవాడలో సివిల్ ఇంజనీరుగా చేసినవాడు. ఇక్కడ భార్య వీసా మీద వచ్చాడు కాబట్టి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అయిదేళ్లుగా వంట చేస్తూ, వేదను స్కూలుకు దింపుతూ, ఇంటి పనంతా చూసుకుంటున్నాడు. పెదవి విప్పి ఒక్క మాట అనడు. నిజం చెప్పాలంటే మా అల్లుడి చేతి వంట నా వంట కంటే బాగుంటుంది.

వీసా గురించి కొంచెం చెప్పాలి. చంద్రిక వీసా ఆరేళ్లకు మించి ఉండదట. ఆ ఆరేళ్లు వచ్చే ఏడాది సెప్టెంబరుతో అయిపోతాయి. దానికి ఏడాది ముందే, అంటే ఈ సెప్టెంబరులోపే, కంపెనీ ఆమె పేరు మీద గ్రీన్‌కార్డుకు అర్జీ పెట్టాలి. పెడితే వీసా పొడిగిస్తూ పోతారు. పెట్టకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. ఆ అర్జీ ఒక్క రోజులో పడేది కాదు, దాని ముందు పనులకే దాదాపు ఏడాది పడుతుంది. అవి మొదలుపెట్టించాల్సింది మేనేజరు, అంటే భీమశంకర్ గారు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఎందుకంటే మా ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు. జూన్ మొదట్లో ఒకరోజు రాకేష్ పప్పు తాలింపు వేస్తుంటే నేనే అడిగాను.

"అర్జీ పడిందా బాబూ?"

"ప్రాసెస్‌లో ఉందట అత్తయ్యా."

"అని ఎవరన్నారు?"

"భీమ్ గారు."

"ఎప్పుడన్నారు?"

రాకేష్ గరిట ఆపి ఆలోచించాడు. "లాస్ట్ ఇయర్, వేద బర్త్‌డేకి ముందు" అన్నాడు.

వేద పుట్టినరోజు జులైలో. నేను తల పట్టుకున్నాను.

ఆ సాయంత్రం చంద్రిక ఆఫీసు నుంచి రాగానే నిలదీశాను. ఏడాది కిందట అడిగితే ప్రాసెస్‌లో ఉందన్నారు, సరే, మళ్లీ ఎందుకు అడగలేదు? ఆవిడ బ్యాగు దించి సోఫాలో కూర్చుని, వేలితో కనుబొమ్మలు రుద్దుకుంటూ చెప్పిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఎలా అడుగుతానమ్మా? ప్రతి వారం వాళ్లింట్లో భోంచేస్తున్నాం. మీనాక్షక్క దగ్గరుండి వడ్డిస్తుంది. ఇప్పుడు వెళ్లి నా పేపర్లేమయ్యాయి అంటే, దానికోసమే ఇన్నాళ్లూ వస్తున్నామనుకోరూ?"

"దానికోసమే కదే వెళుతున్నది?"

"అదీ ఒక కారణమే. కానీ అలా అనిపించకూడదు కదా."

"అయితే ఆఫీసులో అడుగు."

"ఆఫీసులో అడిగితే ఇంకా బాగోదు. ఇంట్లో అంత క్లోజ్‌గా ఉండి, ఆఫీసులో ఫార్మల్‌గా మెయిల్ పెట్టిందేంటి అనుకుంటారు."

ఇంట్లో అడగకూడదు, ఇంట్లో తిన్నాం కాబట్టి. ఆఫీసులో అడగకూడదు, అదీ ఇంట్లో తిన్నాం కాబట్టే. మరి ఎక్కడ అడగాలి, నడిరోడ్డు మీదా? నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై మూడేళ్లు ట్రంకు కాల్సు కలిపినదాన్ని. జిల్లా కలెక్టరైనా, కొబ్బరికాయల వ్యాపారైనా, ముందు నంబరు చెప్పమనేదాన్ని, కబుర్లు తర్వాత. నా కడుపున ఈ పిల్ల ఎలా పుట్టిందో నాకు అర్థం కాదు.

ఇక ఆ శనివారాల సంగతి. బుధవారం సాయంత్రం చంద్రిక ఫోనులో 'మన ఫ్యామిలీ' అనే గ్రూపులో భీమశంకర్ గారి మెసేజు పడుతుంది. ఈ సాటర్డే మా ఇంట్లో లంచ్, ఫ్రీగా ఉన్నవాళ్లే రండి, నో ప్రెషర్ అని. అయిదు నిమిషాల్లో టీములో తెలుగువాళ్లందరూ బొటనవేళ్లు ఎత్తేస్తారు. ఫ్రీగా లేనివాళ్లు ఎవరూ ఉండరు. ఆ తర్వాత ఎవరేం తేవాలో ఒక పట్టిక వస్తుంది. మా ఇంటి పేరు మీద ఎప్పుడూ పులిహోరే. శనివారం పొద్దున్నే లేచి రాకేష్ రెండు అల్యూమినియం ట్రేల పులిహోర కలిపి, పైన రేకు కప్పి, కారు వెనక సీటులో పెట్టి, అది జారకుండా పక్కన వేదను కూర్చోబెడతాడు. ఆ పిల్లకు శనివారం పొద్దున ఈత క్లాసు ఉండేదట. శనివారాలు కుదరడం లేదని అది మాన్పించేశారు. ఈ మాట విన్నప్పుడు నేను నోరు మూసుకున్నాను గానీ, చాలాసేపు మూసుకోలేదు.

అందరూ ఇలాగే ఉన్నారా అంటే అదీ లేదు. వాళ్ల టీములోనే నీల్ అని ఒక అబ్బాయి ఉన్నాడు. మన తెలుగువాళ్ల పిల్లవాడే, ఇక్కడే పుట్టి పెరిగాడు. ఒకసారి వచ్చి, తిని, చాలా బాగుందని చెప్పి, మళ్లీ రాలేదు. శనివారాలు నాకు వేరే పని ఉంటుందన్నాడట. ఏం పని అని కూడా ఎవరూ అడగలేదు. మార్చిలో భీమశంకర్ గారి గదిలోకి వెళ్లి నా ప్రమోషన్ ఏమైంది అని అడిగాడు, వచ్చింది. ఇది చంద్రికే చెప్పింది, నవ్వుతూ.

"చూశావా, అడిగాడు, ఇచ్చారు" అన్నాను.

"నీల్ సిటిజన్ అమ్మా. ఎలా మాట్లాడినా చెల్లుతుంది" అంది.

నోరు తెరవడానికి కూడా పాస్‌పోర్టు కావాలని నాకు ఆ రోజే తెలిసింది.

నేను మొదటిసారి వెళ్లిన శనివారం నాడు భీమశంకర్ గారు గుమ్మం దాకా ఎదురొచ్చి నా కాళ్లకు దణ్ణం పెట్టారు. యాభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతారు. కర్నూలు వైపు వాళ్లు. మా అమ్మ గుర్తొస్తోందండీ మిమ్మల్ని చూస్తే అన్నారు. ఈయన్ని తిట్టుకుంటూ వచ్చిన నేను కాస్త తగ్గాను. మనిషి మంచివాడు. ఆ సంగతి మొదటే చెబుతున్నాను, ఎందుకంటే చెడ్డవాడైతే ఇంత కథ ఉండేది కాదు.

లోపలికి వెళ్లి కూర్చున్నాక అసలు వింత చూశాను. మగవాళ్లంతా ముందు హాలులో. ఆడవాళ్లంతా ఆయన భార్య మీనాక్షితో పాటు వంటింట్లో, దాని పక్కన భోజనాల బల్ల దగ్గర. ఆ టీములో ఉద్యోగం చేసే ఆడవాళ్లు ఇద్దరు, మా చంద్రిక, రష్మి అనే ఇంకో అమ్మాయి. ఇద్దరూ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నారు. హాలులో భీమశంకర్ గారు వచ్చే నెల పని ఎలా పంచాలో, పైవాళ్లు ఏమంటున్నారో, ఎవర్ని తీసేయబోతున్నారో చెబుతున్నారు. ఆయన పక్కనే కూర్చుని, చేతిలో గ్లాసుతో, బుద్ధిగా తలూపుతూ వింటున్నది ఎవరనుకున్నారు? మా అల్లుడు. ఆ కంపెనీతో ఏ సంబంధమూ లేని సివిల్ ఇంజనీరు.

ఉద్యోగం చేసేది నా కూతురు, ఆఫీసు కబుర్లు వినేది నా అల్లుడు. ఇంటికొచ్చాక, కారులో, ఈయన విన్నది ఆవిడకు చెబుతాడు. సగం మాటలు ఆయనకు అర్థం కావు, ఎందుకంటే అది ఆయన పని కాదు. సోమవారం ఆవిడ వాటిని పట్టుకుని ఆఫీసుకు వెళుతుంది. ఇంతకంటే వంకర పద్ధతి నేను ఎక్కడా చూడలేదు.

"నువ్వెళ్లి హాల్లో కూర్చోకూడదూ? నీ ఆఫీసే కదా" అన్నాను ఆ పై వారం.

"మీనాక్షక్క ఒక్కర్తే అవుతుందమ్మా వంటింట్లో. బాగోదు."

బాగోదు. ఈ ఒక్క మాట మీద మా అమ్మాయి జీవితం నడుస్తోంది.

రాకేష్‌నూ అడిగాను. "ఆయన పక్కనే కూర్చుంటావు కదా బాబూ, మా ఆవిడ కాగితాలు ఎంతవరకు వచ్చాయని ఒక్క మాట అడగరాదూ?" అంటే ఇబ్బందిగా నవ్వాడు.

"నేనడిగితే ఏం బాగుంటుంది అత్తయ్యా, అది తన ఆఫీసు విషయం కదా. భార్య తరఫున మొగుడు సిఫార్సు చేసినట్టుంటుంది."

అదీ నిజమే. ఆ ఇంట్లో ఎవరిని అడిగినా నిజమే చెబుతారు. ఒక్క పనీ జరగదు.

రష్మి సంగతి కూడా అంతే. ఆమెకు ఇంకా మూడేళ్ల వీసా ఉంది గానీ, ఆమెకూ ఈ గ్రీన్‌కార్డు అర్జీ ఇదే చేతుల మీదుగా పడాలి. వంటింట్లో కొత్తిమీర వలుస్తూ ఆ పిల్ల మా అమ్మాయికి చెప్పడం నేను చెవులారా విన్నాను. "ఒక్క వీక్ కూడా మిస్ అవ్వకు చంద్రికా. ఆయన పైకి ఏమీ అనరు గానీ మనసులో పెట్టుకుంటారేమో." ఏమో. ఆయన మనసులో ఏముందో వీళ్లకు తెలియదు, కనుక్కోరు. దాదాపు ఏడాదిగా ఆ 'ఏమో' కోసం ట్రేలు మోస్తున్నారు.

జూన్ పోయింది, జులై పోయింది. నేను రోజూ అడిగాను, గోడకు చెప్పుకున్నట్టే. ఒకరోజు కోపమొచ్చి, "నీ మేనేజరు నంబరివ్వు, నేనే ఫోన్ చేస్తా" అన్నాను. చంద్రిక ముఖం పాలిపోయింది. "అమ్మా, ప్లీజ్, ఆ పని మాత్రం చేయకు" అని రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. నాకు అప్పుడు తెలిసింది, ఈ పిల్ల నిబ్బరంగా లేదని. భయపడుతోంది. రోజూ లెక్క వేసుకుంటోంది, సెప్టెంబరు దగ్గరికొస్తోందని నాకంటే బాగా ఎరుగును. తెలిసీ అడగలేకపోతోంది. అప్పుడు నా కోపం కాస్త జాలిగా మారింది. మళ్లీ బుధవారం బొటనవేలు ఎత్తడం చూశాక ఎప్పటి కోపమే అయింది.

ఆగస్టులో రెండో శనివారం. ఎప్పటిలాగే పన్నెండింటికి చేరాం. మీనాక్షి గుత్తివంకాయ కూర, బిర్యానీ, మిరపకాయ బజ్జీలు, ఇంకా ఏమేమో చేసింది. చంద్రిక, రష్మి బల్ల మీద ప్లేట్లు సర్దుతున్నారు. వంటింట్లో నేనూ మీనాక్షీ మాత్రమే ఉన్నాం. ఆమె ఒక కుర్చీ లాక్కుని కూర్చుని మోకాలు నొక్కుకుంటోంది.

"ఇంతింత ఎందుకు చేస్తావమ్మా ప్రతి వారం? నెలకోసారి చాలదూ?" అన్నాను.

"నేనూ అదే చెప్తాను ఆంటీ. ఈయన వినరు. వాళ్లందర్నీ పిలిచి కడుపునిండా పెడితే గానీ ఆయనకి మనసాగదు." తర్వాత గొంతు తగ్గించింది. "చంద్రికకి మా మీద కోపమేం లేదు కదా ఆంటీ?"

"కోపమెందుకమ్మా?"

"అదే, గ్రీన్‌కార్డ్ ఫైలింగ్స్ కంపెనీ ఆపేసింది కదా. లాస్ట్ ఆగస్ట్ నుంచీ ఈయన ఒకటే బాధపడుతున్నారు. పైవాళ్లతో ఎంత ఫైట్ చేసినా వినలేదట. చంద్రికకి టైం తక్కువుంది, ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నా అంటుంటారు."

నేను పట్టుకున్న గిన్నె కింద పెట్టాను.

"చంద్రికకు చెప్పారా?"

మీనాక్షి నా వైపు చూసింది. "చెప్పే ఉంటారు కదా ఆంటీ" అంది. ఆ తర్వాత ఆమె ముఖంలో రంగు మారింది.

నేను హాలులోకి నడిచాను. వయసైన దాన్ని వస్తుంటే మగవాళ్లంతా లేచి నిలబడ్డారు, ఎవరో కుర్చీ జరిపారు. భీమశంకర్ గారు నవ్వుతూ, "రండి అమ్మా, కూర్చోండి, ఏం కావాలి?" అన్నారు.

"కూర్చోను బాబూ. ఒక్క మాట చెప్పండి చాలు. మా అమ్మాయి గ్రీన్‌కార్డు పని నడుస్తోందా, ఆగిపోయిందా?"

రాకేష్ గ్లాసు కింద పెట్టి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. భీమశంకర్ గారు నీళ్లు నమిలారు.

"అది, అమ్మా, కంపెనీ సైడ్ నుంచి కొంచెం..."

"నడుస్తోందా, ఆగిందా?"

"ఆగింది."

"ఎప్పుడు?"

"లాస్ట్ ఆగస్ట్."

చంద్రిక భోజనాల బల్ల దగ్గర నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో అప్పడాల పళ్లెం. పక్కన రష్మి. ముందు రష్మే మాట్లాడింది. "అందరివీనా భీమ్ గారూ?" అంది సన్నగా. "అందరివీ అమ్మా" అన్నారాయన. ఆ పిల్ల అక్కడే మెట్టు మీద కూలబడింది.

"మరి ఏడాదిగా వీళ్లకెందుకు చెప్పలేదు బాబూ?" అన్నాను. గొంతు పెరిగింది, కాదనను.

ఆయన తలెత్తలేదు. "చెప్దామనే పిలిచాను అమ్మా. మొట్టమొదటి శనివారం దానికోసమే పిలిచాను. వీళ్లంతా స్వీట్లు పట్టుకుని నవ్వుకుంటూ వచ్చారు. తినే ముందు ఎలా చెప్పను? తిన్నాక చెప్దామంటే పిల్లలు ఆడుకుంటున్నారు, అందరూ సంతోషంగా ఉన్నారు. సరే, వచ్చే వారం చూద్దామనుకున్నా. వచ్చే వారమూ అంతే అయింది. పైవాళ్లు మనసు మార్చుకుంటారేమోనని కూడా ఒక ఆశ ఉండింది. రోజులు గడిచేకొద్దీ ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని ఇంకా భయమేసింది." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. యాభై ఏళ్ల మనిషి, తన ఇంట్లో, తను పిలిచిన అతిథుల మధ్య, దొంగలా నిలబడ్డారు.

నాకు జాలేయలేదు. తర్వాత వేసింది, అప్పుడు మాత్రం వేయలేదు. నేను చంద్రిక వైపు చూశాను. ఇప్పుడైనా అడుగుతుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. ఏడాది కాలం, ఆవిడ ఉద్యోగం, మొగుడి ఖాళీ చేతులు, పిల్ల చదువు, అన్నీ ఆ ఒక్క మాట కోసం ఆగి ఉన్నాయి. చేతిలోని అప్పడాలు నేలకేసి కొట్టినా నేను తప్పుపట్టేదాన్ని కాదు.

చంద్రిక పళ్లెం పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి భీమశంకర్ గారి చేతికిచ్చింది.

"పర్లేదు భీమ్ గారూ. మీరేం చేస్తారు, మీ చేతుల్లో లేదు కదా. అమ్మ ఏదో టెన్షన్‌లో అనేసింది, ఏమీ అనుకోకండి" అంది.

నా తరఫున క్షమాపణ. ఆయనకు ఓదార్పు. తన బతుకు కుప్పకూలిన నిమిషంలో నా కూతురు మేనేజరుకు మంచినీళ్లిచ్చింది. దాన్ని చెంప మీద కొట్టాలో, గుండెకు హత్తుకోవాలో తెలియక నేను అక్కడే నిలబడిపోయాను. ఆ తర్వాత ఇంకో ఘోరం జరిగింది. అందరం కూర్చుని భోజనం చేశాం. వండినవి పారేస్తే మీనాక్షి బాధపడుతుందని.

తిరిగొచ్చేటప్పుడు కారులో వెనక సీటులో నా పక్కనుంచి వేద అంది, "అమ్మమ్మా, నువ్వు భీమ్ అంకుల్‌ని ఎందుకు యెల్ చేశావు? హీ వాజ్ క్రయింగ్."

"అడిగాను తల్లీ, అరవలేదు" అన్నాను.

"అరిచావు అమ్మా" అంది చంద్రిక ముందు నుంచి. "అంతమందిలో ఆయన్ని అలా నిలబెట్టకుండా ఉండాల్సింది. పక్కకు పిలిచి అడిగి ఉంటే బాగుండేది."

"పక్కకు పిలిచి నువ్వు అడిగావా?"

రాకేష్ డ్రైవ్ చేస్తూ ఎడమ చేయి చాచి భార్య చేతి మీద వేశాడు. ఇంటికి చేరాక మేం ముగ్గురం దిగినా చంద్రిక దిగలేదు. గరాజులో కారులోనే కూర్చుంది. కాసేపటికి నేను వెళ్లి పక్క సీటులో కూర్చున్నాను. ఏడుస్తోంది. చప్పుడు బయటకు రాకుండా, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని. పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని కాబోలు. వీపు నిమిరాను.

మంగళవారం పొద్దున ఒక లాయరుతో వీడియో కాల్ పెట్టుకుంది. కంపెనీ లాయరు కాదు, తనే వెతుక్కున్న మనిషి. అమెరికన్ ఆవిడ, నా వయసుకు కాస్త చిన్నది, తెల్లజుట్టు, కళ్లజోడు. చంద్రిక, రాకేష్ భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నేను కనపడకుండా ఎదురుగా కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. నాకు ఇంగ్లీషు రాదనుకోకండి. ట్రంకు కాల్సు కలిపింది ఏ భాషలో అనుకున్నారు?

లాయరమ్మ తేదీలన్నీ అడిగి, కాగితం మీద వేసుకుని, మెల్లగా చెప్పింది. ఇప్పుడు వేరే కంపెనీలో చేరినా సెప్టెంబరులోపు అర్జీ పడే వీలు లేదు, ముందు పనులకే టైం చాలదు. వచ్చే సెప్టెంబరు దాకా ఉద్యోగం చేసుకోవచ్చు. ఆ తర్వాత ఒక ఏడాది ఈ దేశం బయట ఉండి, మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించాలి, వీసా లాటరీ తగలడంతో సహా. పోయిన ఆగస్టులోనే తెలిసి ఉంటే కంపెనీ మారడానికీ, అర్జీ పెట్టడానికీ సరిపోయేదని కూడా చెప్పింది. ఆవిడ తప్పేం లేదు, ఉన్నదే చెప్పింది. రాకేష్ తల దించుకున్నాడు. చంద్రిక నోట్‌బుక్‌లో అన్నీ రాసుకుంటోంది, క్లాసులో పిల్లలాగా.

"పాలసీ మారిన సంగతి మేనేజరు మీకు చెప్పలేదు, సరే" అంది లాయరమ్మ. "మీరు ఆయన్ని అడగలేదా?"

"లాస్ట్ ఇయర్ ఒకసారి అడిగాను. ప్రాసెస్‌లో ఉందన్నారు."

"ఆ తర్వాత? ఆయన్ని కలవడం కష్టమా? వేరే ఊళ్లో ఉంటారా?"

"లేదు. ఇక్కడే. పది నిమిషాల దూరం."

"ఎన్నాళ్లకొకసారి కలుస్తారు, ఆఫీసు కాకుండా?"

చంద్రిక కలం ఆపింది. "ప్రతి శనివారం" అంది. "వాళ్లింట్లో లంచ్ చేస్తాం."

లాయరమ్మ కళ్లజోడు తీసింది. "ప్రతి శనివారమా?"

"ఆల్మోస్ట్."

"ఎన్నాళ్లుగా?"

"ఏడాదిగా."

ఆవిడ వెక్కిరించడానికి కాదు, నిజంగా అర్థం కాక అడిగింది. "మరి ఇన్నిసార్లు కలిసి భోంచేశారు కదా, ఒక్కసారీ ఎందుకు అడగలేదు?"

నేను వెల్లుల్లి ఒలవడం ఆపాను. రాకేష్ భార్య వైపు చూశాడు. చంద్రిక నిజాయితీగా ఆలోచించింది. ముఖం చూస్తే తెలుస్తోంది, ఎక్కడైనా జవాబు ఉందేమోనని లోపల వెతుక్కుంటోంది.

"ఎప్పుడూ ఆ టాపిక్ రాలేదు" అంది.

ఇంకేమైనా చెబుతుందేమోనని లాయరమ్మ ఒక నిమిషం ఎదురుచూసింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, ఆ మాట రాసుకుని, పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందని అడిగింది.